జంట పలకల బొమ్మ వేయడం ఎలా: ముందు సందు, ఆ తర్వాతే బొమ్మ

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు ఈమధ్య హాలు గోడకు జంట బొమ్మలు కావాలని అడుగుతున్నారు. సోఫా వెనక ఒక్కటే పెద్దది పెట్టేకంటే రెండు నిలువు పలకలు పక్కపక్కన ఉంటే గోడ నిండుగా ఉంటుందని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. కానీ వాళ్లు ఫోనులో తీసి చూపించే నమూనా చాలాసార్లు ఒకే ఫోటో. దాన్ని రెండు ముక్కలో, ఐదు ముక్కలో చేసి, మధ్యమధ్య ఖాళీ వదిలి తగిలించి ఉంటుంది. దాన్ని నేను జంట బొమ్మ అనను. ఆ ముక్కలన్నీ దగ్గరికి జరిపేస్తే ఇంకా బాగుంటుంది. అంటే అక్కడ సందుకు పని లేదన్నమాట. జంట పలకల్లో సందు కూడా బొమ్మలో భాగమే. అది ఏం చేయాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత పెన్సిలు పట్టుకోవాలి. ఎలా తేల్చుకోవాలో, పలకలు ఎలా తయారుచేసుకోవాలో, గోడకు ఎలా పెట్టాలో నాకు తెలిసింది చెబుతాను.

ఈ లెక్క నాకు నాన్న దగ్గర అబ్బింది. ఆయన మా బజారులో కొట్లకు బోర్డులు రాసేవారు, పైన ఒడియా వరస, కింద తెలుగు వరస. నేను నిచ్చెన పట్టుకునే వయసు నుంచి ఆయన వెంటే తిరిగి బ్రష్ నేర్చుకున్నాను. రెండు షట్టర్ల కొట్టుకు పేరు రాయాలంటే మధ్యలో స్తంభం అడ్డొస్తుంది. నాన్న ముందు ఆ స్తంభం వెడల్పు కొలిచి, ఆ తర్వాతే అక్షరాలు లెక్కపెట్టేవారు. అక్షరం స్తంభం మీద పడకూడదు, అలాగని చదివేవాడికి మాట తెగకూడదు. ఎడమ షట్టరు మీది చివరి అక్షరం స్తంభానికి ఎంత దూరంలో ఆగితే, కుడి షట్టరు మీది మొదటి అక్షరం అంతే దూరంలో మొదలవ్వాలి. ఫ్లెక్స్ బ్యానర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. నేను బొమ్మలవైపు వచ్చాను, సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్నాను. ఇప్పటికీ ఏ జంట బొమ్మ మొదలుపెట్టినా ముందు కొలిచేది మధ్యనున్న ఖాళీనే.

పెద్దవాళ్లు సందును ఎలా వాడుకున్నారు

మొదలుపెట్టే ముందు నాలుగు బొమ్మలు ఫోనులో తీసి, ఒక్కొక్కటీ నెమ్మదిగా చూడండి. మధ్యలో ఏం జరుగుతోందో, ఏది ఇటునుంచి అటు దాటుతోందో గమనించండి.

మొదటిది విల్టన్ డిప్టిక్. డిప్టిక్ అంటే జంట పలకల బొమ్మే. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1395-1399 మధ్య ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ కోసం వేసింది. ఓక్ చెక్క మీద గుడ్డు పచ్చసొనతో కలిపిన రంగులు, వెనక బంగారు రేకు. ఒక్కో పలక సుమారు 53 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు. రెండింటికీ మడత బందులు వేసి ఉంటాయి కాబట్టి మూసి వెంట తీసుకెళ్లొచ్చు. ఎడమ పలకలో రాజు మోకాళ్ల మీద ఉంటాడు, వెనక ముగ్గురు పుణ్యపురుషులు. కుడి పలకలో మేరీ, బాలయేసు, పదకొండుమంది దేవదూతలు. రాజు వైపు నేల బోడిగా ఉంటుంది, మేరీ వైపు నేలంతా పూలు. రాజు చేతులు చాచి ఉంటాడు, బాబు ఇటువైపు వంగి ఉంటాడు. ఒక్క వేలు కూడా సందు దాటదు, చూపులు మాత్రమే దాటుతాయి. ఇక్కడ సందు మనిషి లోకానికీ దేవుడి లోకానికీ మధ్య హద్దు. అయితే దేవదూతలు తొడుక్కున్న గుర్తు చూడండి. తెల్ల జింక. అది రాజుగారి సొంత చిహ్నం. హద్దును దాటించకుండానే ఒక గుర్తుతో రెండు పక్కలనూ కలిపేశాడు ఆ చిత్రకారుడు. నాకు దీనిలో అన్నిటికంటే నచ్చేది అదే.

రెండోది పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బినో ప్రభువు, ఆయన భార్య ఉన్న జంట. ఫ్లోరెన్స్‌లోని ఉఫిజి మ్యూజియంలో ఉంది. 15వ శతాబ్దం పని. ఒక్కోటి 47 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు, చేత్తో పట్టుకునేంత చిన్నది. ఇద్దరూ పక్కవాటుగా, ఎదురెదురుగా చూస్తూ ఉంటారు. ప్రభువు ఒక పోటీలో కుడి కన్ను పోగొట్టుకున్నాడు, అందుకే ఎడమ చెంపే మనకు కనబడేలా కుడి పలకలో కూర్చోబెట్టాడు. మనుషులిద్దరూ విడివిడిగా ఉన్నా, వాళ్ల వెనక కొండలూ నేలా ఒక పలకలోంచి ఇంకో పలకలోకి సాగిపోతాయి. మనుషుల్ని విడదీసి నేలను కలపడం అనే ఈ పద్ధతి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అన్నిటికంటే సులువు. ముందు ఇదే చేయమంటాను.

మూడోది జపాన్‌ది. క్యోటోలోని కెన్నిన్-జి గుడికి చెందిన గాలిదేవుడు, ఉరుముదేవుడు. 17వ శతాబ్దంలో తవరాయ సోతాత్సు వేశాడు. ఇవి మడిచే తెరలు, ఒక్కో తెరకు రెండు రెక్కలు. కుడి తెరలో గాలిదేవుడు బాగా కుడి అంచుకు, ఎడమ తెరలో ఉరుముదేవుడు బాగా ఎడమ అంచుకు ఉంటారు. మధ్యంతా ఉత్త బంగారు రేకు. మామూలుగా మనం మధ్యలో పెట్టాలనుకునేదాన్ని ఆయన అంచులకు నెట్టేశాడు. తుఫాను వచ్చేది ఆ ఖాళీలోకే అనిపిస్తుంది. తుఫానులు చూసిన మన తీరం వాళ్లకు ఆ బొమ్మ గురించి వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది ఆండీ వార్హోల్ చేసిన మార్లిన్ డిప్టిక్, లండన్ టేట్‌లో ఉంది. సినిమా తార మార్లిన్ మన్రో 1962 ఆగస్టులో చనిపోయింది. అదే ఏడాది ఇది చేశాడు. ఒకే ముఖం యాభై సార్లు. ఎడమ పలకలో ఇరవైఐదు రంగుల్లో, కుడి పలకలో ఇరవైఐదు నలుపు తెలుపుల్లో. కుడివైపు కొన్ని మసిబారిపోయి, కొన్ని వెలిసిపోతూ ఉంటాయి. ఇక్కడ సందు అంటే కాలం. ఇటువైపు బతుకు, అటువైపు చావు.

సందు హద్దు కావచ్చు, నేల సాగే దారి కావచ్చు, ఖాళీ ఆకాశం కావచ్చు, కాలం కావచ్చు. మీ బొమ్మలో అది వీటిలో ఏదో, లేక ఇంకేదో, ఒక కాగితం మీద ఒక్క మాటలో రాసుకోండి. ఆ మాట రాయలేకపోతే మీకు ఇంకా విషయం దొరకలేదు. ఇంకొన్నాళ్లు ఆగండి.

విషయం ఎంచుకోవడం

రెండు నెమళ్లు, రెండు ఏనుగులు, రెండు కలశాలు అనుకుంటే అక్కడితో అయిపోతుంది. ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటే వాకిలికి అటూ ఇటూ పెట్టుకోవడానికి పనికొస్తాయి, అది వేరే పని. జంట పలకలకు కావలసింది ఒకదానితో ఒకటి ఏదో లావాదేవీ ఉన్న రెండు విషయాలు. చూడటం, పిలవడం, వెళ్లడం, మారడం ఇలాంటివి.

మా ప్రాంతంలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. తర్వాత ఆ దారి గుణుపురం దాకా సాగింది. ఆ పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ఇప్పుడదే దారిలో ఐదున్నర అడుగుల బ్రాడ్‌గేజ్ రైలు నడుస్తోంది. ఎడమ పలకలో పొగబండి, కుడి పలకలో ఇప్పటి రైలు వేసి, పట్టాల్ని రెండువైపులనుంచీ సందు దాకా తీసుకురండి. వెడల్పులు కలవవు. చిన్న పట్టాలు సందు దగ్గర ఆగిపోతాయి, పెద్దవి అక్కణ్నుంచి మొదలవుతాయి. మా పిల్లల్లో ఒకమ్మాయికి ఇది చెబితే వెంటనే స్కెచ్ వేసేసింది. ఎడమవైపు బండి పక్కన నడుస్తున్న మనిషిని, కుడివైపు కిటికీలోంచి చూస్తున్న ఆయన మనవణ్ని కూడా పెట్టింది. నాకు ఆ ఆలోచన తట్టలేదు, ఆ పిల్లకు తట్టింది.

ఇక ఈ వ్యాసమంతా ఉదాహరణగా నేను వేసిన ఒక పెళ్లి కానుకనే తీసుకుంటాను. అబ్బాయిది పర్లాకిమిడి, అమ్మాయిది పాతపట్నం. ఒకటి ఒడిశా, ఒకటి ఆంధ్ర. అయినా ఇక్కడివాళ్లకు కూరగాయలకు వెళ్లొచ్చేంత దూరం. ఎడమ పలకలో గజపతుల కోట కమానులు, కుడి పలకలో నీలమణి దుర్గమ్మ గుడి. కింద రెండింటిలోనూ మహేంద్రతనయ పారాలి. కాగితం మీద నేను రాసుకున్న మాట "హద్దు". రాష్ట్రాల హద్దు సందులో ఉంటుంది, ఏరు మాత్రం ఆగకుండా పోతుంది.

కొలతలు, పలకలు

రెండు పలకలూ ఒకే కొలత ఉండాలన్న నియమం లేదు గానీ, మొదటిసారి ఒకే కొలత పెట్టుకోండి. నిలువుగా 24 అంగుళాలు, అడ్డంగా 18 అంగుళాలు హాలుకు సరిపోతుంది. సందు రెండు అంగుళాలు. నేను పాటించే లెక్క ఇది: అంగుళంకంటే తగ్గితే చూసేవాళ్లకు పలక విరిగినట్టు అనిపిస్తుంది, పలక వెడల్పులో మూడోవంతు దాటితే రెండు వేరువేరు బొమ్మలైపోతాయి. సోతాత్సు లాగా ఖాళీనే బొమ్మ చేయాలనుకుంటే ఆ ఖాళీని పలకల లోపల వదలండి, గోడ మీద కాదు.

గోడకు తగిలించేవైతే 12 ఎంఎం ప్లైవుడ్ చాలు. వాటర్‌ప్రూఫ్ రకం తీసుకోండి, డబ్బు కాస్త ఎక్కువైనా పర్వాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మా వీధిలో నాసిరకం ప్లైవుడ్‌తో చేసిన అల్మారాలు చాలావరకు అంచుల దగ్గర ఉబ్బి పొరలు విడిపోయాయి. బొమ్మకూ అదే గతి పడుతుంది. రెండు పలకలూ ఒకే షీటులోంచి, పక్కపక్కన, చారలు ఒకే దిక్కు ఉండేలా కోయించండి. వేరువేరు షీట్లలోంచి కోస్తే ఒకటి వానాకాలంలో వంగుతుంది, రెండోది వంగదు.

మూసి తెరిచే రకం కావాలంటే పని ఇంకాస్త ఉంది. బొమ్మవైపులు లోపలికి వచ్చేలా మూతపడాలంటే మడత బందుల రెక్కలు పలకల మందంలో, గుండ్రటి కడ్డీ బొమ్మవైపుకు ఉండాలి. ప్లైవుడ్ మందంలోకి స్క్రూ దింపితే పొరలు చీలిపోతాయి. అందుకని ముందు పలక చుట్టూ టేకు బద్ద వేయించి, స్క్రూలు ఆ బద్దలోకి దిగేలా చూడండి. బద్ద బొమ్మ ఉపరితలంకంటే పావు అంగుళం ఎత్తుగా ఉండాలి. లేకపోతే మూసినప్పుడు రెండు బొమ్మలూ ఒకదానికొకటి తగిలి, మే నెల ఎండల్లో ఆక్రిలిక్ రంగు మెత్తబడి అతుక్కుంటుంది. విడదీస్తే రంగు ఊడొస్తుంది. బందులు రెండు చాలు, పైనుంచి ఐదోవంతులో ఒకటి, కిందినుంచి ఐదోవంతులో ఒకటి. మా వడ్రంగి మామకు మొదటిసారి ఈ పని అప్పజెప్పినప్పుడు, "ఏటమ్మా, తలుపులు సేయించుకుంటున్నావా, బొమ్మలు సేయించుకుంటున్నావా?" అన్నాడు. రెండూ మామా అన్నాను. తలుపు చేసినంత శ్రద్ధగా చేసిపెట్టాడు. ఇప్పటికీ ఆ బందులు కిర్రుమనవు.

ఇలా మూసే రకానికి వీపు కూడా కనబడుతుంది. దాన్ని ఉత్త చెక్కలా వదలకండి. విల్టన్ పలకల బయటివైపున తెల్ల జింక, రాజముద్ర ఉంటాయి. ఉర్బినో జంట వెనకవైపు ఇద్దరూ రథాల మీద ఊరేగుతుంటారు. మీరు అంత పెద్ద బొమ్మ వేయక్కర్లేదు. ఒక ముగ్గు, ఒక పువ్వు, ఇంటిపేరు ఏదైనా సరే, మూసినప్పుడు కూడా దానికి ఒక ముఖం ఉండాలి.

నేల కట్టడం

రంగు పట్టే పూతను నేల అంటాను. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా వేసినా లాభం ఉండదు.

పలకను ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఫెవికాల్‌ను మూడింతల నీళ్లతో పలచన చేసి ముందూ వెనకా అంచులూ అన్నిటికీ పూయండి. ఒకవైపే పూస్తే పలక ఆ వైపుకు లాగుతుంది. ఆరాక తెల్ల నేల వేయాలి. కొనుక్కునే ఆక్రిలిక్ గెస్సో మంచిదే. దొరకకపోతే మెత్తగా జల్లించిన సుద్దపొడి, ఫెవికాల్, నీళ్లు కలిపి పెరుగు చిక్కదనంలో చేసుకోండి. మొదటి పూత అడ్డంగా, రెండోది నిలువుగా, అలా మూడు నాలుగు పూతలు. మధ్యమధ్య ఆరనిచ్చి సన్న ఉప్పుకాగితం పట్టాలి. గోడలకు పెట్టే లప్పం వాడొద్దు, అది పలక మీద పెళుసుగా మారి పగులుతుంది.

రెండు పలకలకూ ఒకే గిన్నెలోని పూత, ఒకే రోజు పూయాలి. ఎడమదానికి ఇవాళ, కుడిదానికి వచ్చేవారం వేరే కలిపి పూస్తే ఒకటి రంగును ఎక్కువ పీల్చుకుంటుంది. అప్పుడు ఒకే నీలం ఒకదాని మీద మెరుస్తూ, ఇంకోదాని మీద పాలిపోయి కనిపిస్తుంది. ఆ తేడాను పైన ఎన్ని చేతులు రంగు వేసినా కప్పలేం.

గుడ్డ మీద చేద్దామనుకునేవాళ్లకు మన ఒడిశా పటచిత్రాల పద్ధతి ఉండనే ఉంది. పూరి దగ్గర రఘురాజ్‌పూర్ చిత్రకారులు చేసేది అదే. చింతగింజలు రెండు మూడు రోజులు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. దాంతో పాత నూలు గుడ్డలు రెండు పొరలుగా అంటించి, సుద్దపొడి కలిపిన జిగురు రెండువైపులా పూసి ఎండబెట్టి, ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దాలి. నేను ఏట్లో ఏరుకున్న గులకరాయి వాడతాను. జంటకు కావాలంటే రెండింతల పొడవుతో ఒకే పటం తయారుచేసి, అంతా రుద్దాక మధ్యకు కోయండి. నేల ఒకేలా వస్తుంది. పాత పద్ధతిలో ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, తెలుపుకు శంఖం పొడి వాడేవారు. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. ఇంట్లో పిల్లలుంటే ఆ రెండింటి జోలికి అస్సలు పోకండి. ఆ రంగులకు ఆక్రిలిక్ ట్యూబులే వాడండి.

గీత సందు దాటే లెక్క

పలకలు రెండూ నేల మీద వెల్లకిలా పెట్టండి. మధ్యలో రెండు అంగుళాల వెడల్పున్న అట్టముక్క బిగుతుగా పెట్టి, కదలకుండా మాస్కింగ్ టేప్ వేయండి. ఇక గీసేటప్పుడు ఆ అట్టను కూడా బొమ్మలో భాగమే అనుకుని గీయండి. ఏటి ఒడ్డు ఎడమ పలక మీద మొదలై, అట్ట మీదుగా పోయి, కుడి పలక మీద సాగాలి. గీయడం అయ్యాక అట్ట తీసేస్తే, దాని మీద గీసిన ముక్క పోతుంది. పోనివ్వండి. చూసేవాడి కన్ను దాన్ని నింపుకుంటుంది.

చాలామంది పలకలు రెండూ ఆనించి గీసి, తర్వాత ఎడంగా తగిలిస్తారు. అడ్డగీతలకు దానివల్ల నష్టం లేదు. నీటిమట్టం, దూరపు నేల గీత ఎలా పెట్టినా కలుస్తాయి. ఏటవాలు గీతల దగ్గరే చిక్కు. 45 డిగ్రీల వాలుతో పైకప్పు గీత దాటుతోందనుకోండి. ఆనించి గీసి రెండు అంగుళాలు ఎడం చేస్తే, అవతల గీత ఉండాల్సిన చోటుకు సరిగ్గా రెండు అంగుళాలు తేడాగా ఉంటుంది, మెట్టు పడినట్టు. చూసేవాళ్లకు కారణం తెలియదు, ఏదో తప్పుందని మాత్రం తెలుస్తుంది. పొడవు గీతలకు సుద్ద పట్టించిన నూలుదారం బిగించి కొట్టండి. బోర్డులు రాసేవాళ్లం అందరం అలాగే చేస్తాం, స్కేలుకంటే నిక్కచ్చిగా వస్తుంది.

మనిషి ముఖం, చెయ్యి, దేవుడి కన్ను ఎప్పుడూ సందులో పడకూడదు. చెట్టు కొమ్మ, నది, మేఘం, దారి, చీర కొంగు పడొచ్చు. నా పెళ్లి బొమ్మలో ఏరు ఒక్కటే దాటుతుంది. ఇంకోటి కూడా దాటిద్దామని, మహేంద్రగిరి వాలును వెనక నుంచి సాగదీద్దామని అనిపించింది. ఆ కొండ ఎత్తు 1501 మీటర్లు, పెడితే బొమ్మకు నిండుదనం వస్తుంది. కానీ పైన కొండా కింద ఏరూ రెండూ కలిపేస్తే హద్దు అన్న మాటకు చోటే ఉండదు. అందుకని కొండను ఎడమ పలకలోనే ఆపేశాను.

అంచు కూడా ఇలాగే మాట్లాడుతుంది. పటచిత్రాలకు చుట్టూ పూలతీగ అంచు ఉంటుంది కదా. రెండు పలకలకూ నాలుగువైపులా అంచు గీస్తే రెండు ఇళ్లయిపోతాయి. ప్రతి పలకకూ బయటి మూడువైపులే అంచు గీసి, సందువైపు వదిలేస్తే రెండూ కలిసి ఒక్కటవుతాయి. ఈ ఒక్క నిర్ణయం సగం బొమ్మకు సమానం. మా గజపతి, రాయగడ జిల్లాల సవరలు గోడల మీద గీసే బొమ్మల్లో కూడా ముందు అంచు చట్టం గీసుకుని, లోపలికి నింపుకుంటూ వస్తారు. చూసి నేర్చుకోవాల్సిన క్రమం అది. అయితే ఆ బొమ్మ వాళ్ల దేవతల కోసం, పెద్దల కోసం గీసేది. హాలు అలంకారానికని దాన్ని తెచ్చి రెండు ముక్కలు చేయమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు.

రంగు వేయడం

రెండూ ఒకేసారి వేయండి. ఎడమది పూర్తిచేసి కుడిదానికి వెళ్లడం వద్దు. ఒక ఆకాశం ముగించి రెండో ఆకాశం మొదలుపెట్టేసరికి చెయ్యి మారుతుంది, మనసు మారుతుంది. పొడవాటి చెక్క మీద రెండు పలకలూ సందుతో సహా నిలబెట్టి, ఏ రంగు తీసినా రెండుచోట్లా పెట్టుకుంటూ పోండి.

రెండు పలకల్లోనూ వచ్చే రంగులు, నా బొమ్మలో ఏటి నీలం, నేల ఎరుపు, కావలసినదానికి రెట్టింపు కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. ఆక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది, అందుకని తడిగా ఉన్నప్పుడు చూసి మళ్లీ అదే రంగు కలపడం చాలా కష్టం. వెలుగు ఏవైపు నుంచి వస్తోందో మొదటే బాణం గుర్తు వేసుకోండి. రెండు పలకల్లో వేరువేరు వేళలు చూపించదలిస్తే తప్ప నీడలన్నీ ఒకేవైపు పడాలి.

సగం అయ్యాక ఒక పరీక్ష చేయండి. ఒక పలకను గుడ్డతో కప్పి రెండోదాన్ని ఒంటరిగా చూడండి. అది తనంతట తాను నిండుగా, హాయిగా ఉంటే జంట బలంగా లేదని అర్థం. ఏదో తక్కువైనట్టు, ఎవరినో చూస్తున్నట్టు ఉండాలి. నా కోట బొమ్మ మొదట అలా నిండుగా వచ్చింది. కమాను కింద మెట్ల మీద కూర్చున్న మనిషిని ఏటివైపుకు, అంటే సందువైపుకు తిప్పాను. దాంతో కుడి పలక అవసరమైంది.

మూడు పలకలు, ఇంకా ఎక్కువ

రెండు చేతికొచ్చాక మూడుకు వెళ్లొచ్చు. మూడింటిలో మధ్యది అడక్కుండానే పెద్దరికం తీసుకుంటుంది, అందుకే ఐరోపా చర్చిలకు ఆ రకం అంత నచ్చింది. మాడ్రిడ్ ప్రాదో మ్యూజియంలో బాష్ వేసిన మూడు పలకల బొమ్మ రెక్కలు మూస్తే బయట బూడిద రంగు భూగోళం, తెరిస్తే లోపల రంగుల లోకం.

మనకు దగ్గరది పూరిలోనే ఉంది. స్నాన పూర్ణిమ తర్వాత రథయాత్ర దాకా పక్షం రోజులు జగన్నాథుడి దర్శనం ఉండదు. ఆ అనసర రోజుల్లో మూలమూర్తుల బదులు మూడు పటచిత్రాలకు పూజ జరుగుతుంది. బలభద్రుడికి అనంత వాసుదేవుడు, సుభద్రకు భువనేశ్వరి, జగన్నాథుడికి అనంత నారాయణుడు. వేటి అంచు వాటిదే, ఎవరి ఆసనం వాళ్లదే. అయినా ముగ్గురూ కలిస్తేనే దర్శనం. రాజస్థాన్‌లోని బస్సీ ఊరి కావడ్ అయితే చెక్క తలుపులు ఒక్కొక్కటే తెరుస్తూ కథ చెప్పే పెట్టె. తెలంగాణ చేర్యాల నకాషీ పటాల్లో పలకలు లేవు, ఒకే పొడవు గుడ్డ మీద అడ్డపట్టీలుగా కథ సాగుతుంది. పలకల మధ్య ఖాళీ వదలకుండా కథను ఎలా విడదీయాలో చూడాలంటే అవి చూడండి.

పిల్లలకు నేర్పేవాళ్లు పాత శుభలేఖలతో మొదలుపెట్టించండి. మడత సిద్ధంగా ఉంటుంది, లోపలివైపు తెల్లగా ఉంటుంది, ఇంటింటా దొరుకుతాయి. మడతకు అటొకరు ఇటొకరు, మధ్యలో ఒకే ఒక్క వస్తువు దాటాలి అని చెప్పి వదిలేయండి. బంతి, పాట, మేక తాడు, పకోడీల వాసన, వాళ్లు దాటించని వస్తువు ఉండదు.

తగిలించడం, పంపడం

గోడకు పెట్టేటప్పుడు పలకల మధ్యభాగం నేలనుంచి సుమారు 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. కూర్చుని చూసే హాలైతే రెండు మూడు అంగుళాలు దించండి. ఎత్తులు రెండువైపులా సమం చేయడానికి మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపును మించింది లేదు. ఒక్కో పలకకు రెండేసి కొక్కేలు వేయండి, ఒకటే వేస్తే ఫ్యాను గాలికి కొన్నాళ్లకు పక్కకు ఒరుగుతుంది. ఒంటరి బొమ్మ ఒరిగితే అంతగా కనిపించదు, జంటలో వెంటనే కనిపిస్తుంది. గీసేటప్పుడు వాడిన రెండు అంగుళాల అట్టముక్కనే మధ్యలో పెట్టి కొక్కేల చోటు గుర్తుపెట్టుకోండి. వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకూ పలకకూ మధ్య గాలి ఆడుతుంది, వానల్లో చెమ్మ పట్టదు.

ఒక పలక హాలులో, ఇంకోటి పడకగదిలో పెట్టుకుంటామని అడిగేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు నేను రెండు మామూలు బొమ్మలే వేసిస్తాను, జంట ఇవ్వను. 1450ల్లో జాన్ ఫూకే వేసిన మెలన్ జంటలో మేరీ ఉన్న పలక ఇప్పుడు ఆంట్వెర్ప్‌లో ఉంది, ఆమెవైపు చేతులు జోడించి మోకరిల్లిన ఎతియెన్ షెవాలియే ఉన్న పలక బెర్లిన్‌లో ఉంది. బెర్లిన్‌లో ఆయన ఉత్త గోడకే దండం పెడుతున్నాడు.

అందుకే వెనకవైపు చెరగని మార్కరుతో రాయండి. ఎడమదాని మీద "ఎడమ, దీనికి జంట ఉంది", కుడిదాని మీద "కుడి, దీనికి జంట ఉంది". సందు ఎంతో కూడా రాయండి, పైకి ఏవైపో బాణం వేయండి. నేను తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాను. బస్సులోనో పార్సిల్‌లోనో పంపాలంటే బొమ్మవైపులు ఎదురెదురుగా, మధ్యలో బటర్ పేపరు, నాలుగు మూలలా థర్మాకోల్ ముక్కలు పెట్టి, రెండూ కలిపి ఒకే కట్ట కట్టండి. రెండు పార్సిళ్లు చేస్తే ఒకటి ఇవాళ చేరుతుంది, రెండోది ఎప్పుడో.